డైనోసార్లను చంపిన లోహం, మా మావయ్యగారి మూత్రాశయం

గుమ్మం_దగ్గర | సోమవారం, రాత్రి 10.48

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు.

మా మావయ్యగారికి 67 ఏళ్ళు. మూత్రంలో రక్తం పడితే చూపించాం. మూత్రాశయంలో కణితి అన్నారు. లోపలికి గొట్టం పంపి గీకి తీశారు. హై గ్రేడ్ (దూకుడుగా పెరిగే రకం), కండరంలోకి పోలేదు అని చెప్పారు. తర్వాత బీసీజీ మొదలుపెట్టారు, క్షయ టీకా మందునే మూత్రాశయంలోకి పోస్తారట. వారానికొకటి చొప్పున ఆరు, కొంత విరామం ఇచ్చి ఇంకో మూడు. పోయిన వారం కెమెరా వేసి చూస్తే మళ్ళీ వచ్చింది. ఇక మూత్రాశయం మొత్తం తీసేయడమే మేలంటున్నారు. ఆయనేమో "ఈ వయసులో సంచీ తగిలించుకుని తిరగాలా" అని మొండికేశారు.

ఇంతలో మా బావమరిది ఒక వార్త పంపాడు. డైనోసార్లను అంతం చేసిన గ్రహశకలంలో ఉన్న లోహంతో క్యాన్సర్ నయమవుతుందట. ఇరిడియమట. మందు ఎక్కించి లేజర్ వేస్తే క్యాన్సర్ కణాలే చస్తాయట, మంచి కణాలకు ఏమీ కాదట. మావయ్యగారు అది పదిసార్లు చదివారు. ఇప్పుడు "అది వచ్చేదాకా ఆగుదాం" అంటున్నారు.

నిజమేనా ఇది? ఎక్కడైనా దొరుకుతుందా? తెలిసినవాళ్ళు చెప్పండి. ఇంట్లో అందరం టెన్షన్‌లో ఉన్నాం.

వార్డునడక | సోమవారం, రాత్రి 11.20

క్యాన్సర్ వార్డులో నర్సుగా చాలా ఏళ్ళు పనిచేశాను. లోహాల సంగతి తెలిసినవాళ్ళు చెప్తారు గానీ, నాది ఒకటే ప్రశ్న. మొదటిసారి గీకి తీసినప్పటి బయాప్సీ రిపోర్టు మీ దగ్గరుందా? అందులో కండరం ముక్క వచ్చిందని రాశారా? చాలామంది "కండరంలోకి పోలేదు" అనే మాట విని ఊరుకుంటారు. అసలు ముక్కలో కండరమే లేకపోతే పోయిందో లేదో ఎలా తెలుస్తుంది? రేపు రిపోర్టు తీసి చూడండి.

ఇంకోమాట. బీసీజీకి లొంగని హై గ్రేడ్ కణితి ముందు చేతులు కట్టుకుని కూర్చోకూడదు. ఆలోచించుకోవడానికి రోజులు తీసుకోండి, నెలలు తీసుకోకండి.

చీకటిగది | మంగళవారం, ఉదయం 7.05

నేను పీహెచ్‌డీలో తయారుచేసేవి ఇలాంటి లోహపు కాంప్లెక్సులే. అందుకని కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు ఆ వార్త. అది 2017 నాటిది. ఇంగ్లండ్‌లోని వార్విక్ యూనివర్సిటీ, చైనాలోని సన్ యాట్‌సెన్ యూనివర్సిటీ వాళ్ళు కలిసి చేశారు. చేసిన పని అసలైనదే. ఇరిడియం చుట్టూ కర్బన అణువులు కట్టి ఒక కాంప్లెక్స్ చేశారు. ల్యాబ్‌లో పెంచిన ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాల ఉండలోకి దాన్ని పంపి ఎర్ర లేజర్ వేశారు. ఉండ లోపలి కణాలు కూడా చచ్చాయి. మామూలు కణాలకు పెద్దగా ఏమీ కాలేదు. ఇంతవరకు నిజం.

కానీ ఆ "కణితి" ప్లేటులో పెరిగిన చిన్న ఉండ. దానికి రక్తనాళాలు లేవు, కిడ్నీలు లేవు, బయట కుర్చీలో కూర్చుని ఎదురుచూసే మనవాళ్ళు లేరు. ఆ ఉండకీ మీ మావయ్యగారికీ మధ్య ఎలుకలు, మందు మోతాదులు, మనుషుల మీద మూడు దశల ట్రయల్స్ ఉన్నాయి. ఆ ఇరిడియం మందు కోసం ఆగడమంటే రాని బస్సు కోసం స్టాండులో నిలబడటమే.

ఇప్పుడు పని చేసే తీరు. మా ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్ళకు ఒక చిన్న ఆట చూపిస్తాం. రుథీనియం కూడా ఇరిడియంలాంటి లోహమే. రుథీనియం ట్రిస్ బైపిరిడిన్ అనే ఉప్పు ఉంటుంది, నారింజ రంగులో. దాన్ని ఎసిటోనైట్రైల్ అనే ద్రావకంలో కరిగించి, గది చీకటి చేసి, నీలి కాంతి వేస్తాం. ద్రావణం నారింజ-ఎరుపు రంగులో వెలుగుతుంది. అందులోకి నైట్రోజన్ బుడగలు పంపితే వెలుగు పెరుగుతుంది. నైట్రోజన్ ఆపి గాలి పంపితే కళ్ళముందే మందగిస్తుంది. మళ్ళీ నైట్రోజన్, మళ్ళీ వెలుగు. ఎందుకంటే గాలిలోని ఆక్సిజన్ ఆ రుథీనియం దగ్గరున్న శక్తిని లాగేసుకుంటోంది. వెలుగై బయటికి రావాల్సింది ఆక్సిజన్ చేతిలో పడింది. ఆ శక్తి అందుకున్న ఆక్సిజన్‌ను సింగ్లెట్ ఆక్సిజన్ అంటారు. అదే కణాన్ని చంపేది.

నీళ్ళలో దాని ఆయుష్షు మైక్రోసెకండ్లలో ఉంటుంది. కణం లోపల ఇంకా తక్కువ. పుట్టినచోటు నుంచి ఒక కణం వెడల్పు కూడా దాటకుండానే అయిపోతుంది. కాబట్టి మందు ఎక్కడుందో, వెలుగు ఎక్కడ పడిందో, ఆ రెండూ కలిసిన చోటే చావు. మామూలు కీమోకీ దీనికీ ఉన్న తేడా అంతా ఇదే.

లోహమే ఎందుకంటారా? మామూలు రంగు అణువు వెలుగును మింగితే అందులో చాలాభాగం క్షణంలో వదిలేస్తుంది. ఆక్సిజన్‌కు అందించాలంటే దాని ఎలక్ట్రాన్ ఒకటి స్పిన్ తిప్పుకుని, ట్రిప్లెట్ అనే స్థితిలోకి జారి, అక్కడ కాసేపు ఆగాలి. రుథీనియం, ఇరిడియం లాంటి బరువైన పరమాణువు పక్కనుంటే ఆ తిరుగుడు తేలిక. రుథీనియం కాంప్లెక్స్ అయితే మింగిన ప్రతి ఫోటాన్‌కీ (వెలుగు రేణువుకీ) దాదాపుగా అక్కడికే చేరుతుంది. ఆక్సిజన్ లేకపోతే సుమారు 600 నానోసెకండ్లు అక్కడే ఉంటుంది, అదీ నీళ్ళలో. అణువుల లెక్కలో అది తీరుబడిగా కూర్చుని కాఫీ తాగేంత టైమ్.

పాతబోర్డు | మంగళవారం, ఉదయం 9.40

చీకటిగది గారూ, బాగా చెప్పారు. నేను రిటైరైన కెమిస్ట్రీ లెక్చరర్‌ని. రెండు పాత కబుర్లు కలుపుతాను.

ఒకటి, డైనోసార్ సంగతి. ఆరున్నర కోట్ల ఏళ్ళనాటి మట్టిపొరలో ఇరిడియం మోతాదుకు మించి ఉందని 1980లో లూయిస్ అల్వారెజ్, ఆయన కొడుకు వాల్టర్, మరో ఇద్దరు కలిసి ప్రకటించారు. గ్రహశకలం గుద్దిందన్న వాదనకు మొదలు అదే. ఇప్పుడు ప్రయోగాలకు వాడే ఇరిడియం మాత్రం ప్లాటినం, నికెల్ గనుల్లో అనుబంధంగా వచ్చేది. పాపం దానికి డైనోసార్ల హత్యలో పాత్ర లేదు.

రెండోది, వెలుగుతో చంపడం అనే ఊహ కొత్తదేం కాదు. 1900 ప్రాంతంలో మ్యూనిక్‌లో ఆస్కార్ రాబ్ అనే వైద్య విద్యార్థి అక్రిడిన్ రంగులో పారమీషియం అనే ఏకకణ జీవి ఎంతసేపట్లో చస్తుందో చూస్తున్నాడు. ఒకరోజు గంటన్నరలో చచ్చింది, ఇంకోరోజు అదే మోతాదులో చాలాసేపు బతికింది. తల బద్దలు కొట్టుకుంటే తేలిందేమిటంటే, బతికిన రోజున బయట ఉరుములు, మెరుపులు, మబ్బు. గదిలో వెలుతురు తక్కువ. అలా దొరికింది. రంగు ఒక్కటే చంపలేదు, వెలుగు ఒక్కటే చంపలేదు.

సరే, లోహం అంటే ఇరిడియం, రుథీనియం అంటున్నారు గానీ, అసలు లోహంతో క్యాన్సర్ మందు అంటే పెద్దన్న సిస్ప్లాటిన్. 1844లో మిషెల్ పెయ్‌రోన్ తయారుచేశాడు. 120 ఏళ్ళు అది క్యాన్సర్‌కు పనికొస్తుందని ఎవరికీ తెలియదు. 1965లో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో బార్నెట్ రోజెన్‌బర్గ్ విద్యుత్ క్షేత్రంలో ఈ.కోలై బ్యాక్టీరియా ఎలా పెరుగుతుందో చూస్తుంటే అవి విడిపోవడం మానేసి తాళ్ళలా సాగిపోయాయి, మామూలుకు 300 రెట్ల పొడవు. విద్యుత్ వల్ల కాదు, ప్లాటినం ఎలక్ట్రోడ్ కరిగి ద్రావణంలో కలవడం వల్ల. 1978లో మందుగా అనుమతి వచ్చింది.

ఈ కథలో ఎవరూ పట్టించుకోని ముక్క ఒకటుంది. రోజెన్‌బర్గ్ బృందం ఏ ప్లాటినం సమ్మేళనం ఈ పని చేస్తోందో వెతుకుతూ అమ్మోనియం క్లోరోప్లాటినేట్ అనే ప్లాటినం ఉప్పును తాజాగా కలిపి చూస్తే బ్యాక్టీరియా సాగలేదు. వెలుతురు తగిలిన ద్రావణంతో సాగింది. అంటే సిస్ప్లాటిన్ పుట్టుకలోనే వెలుగు చేయి ఉంది. ఈ మాట క్లాసులో చెప్తే ఏ ఏడాదీ ఒక్క పిల్లవాడు కూడా నిద్ర లేవలేదు, ఇక్కడైనా లేస్తారని ఆశ.

గట్టిమాట | మంగళవారం, మధ్యాహ్నం 1.15

ఇన్ని తెలిసీ ఇన్నేళ్ళుగా మందు ఎందుకు రాలేదు? సైడ్ ఎఫెక్ట్ లేని మందు వస్తే కీమో అమ్ముకునే కంపెనీలు మూతేసుకోవాలి. అందుకే తొక్కేస్తున్నారు. ఇంత సింపుల్.

చీకటిగది | మంగళవారం, మధ్యాహ్నం 2.02

అంత సింపుల్ అయితే నా జీవితం బాగుండేది.

వచ్చింది కదండీ! ప్రోస్టేట్ క్యాన్సర్‌కు టూకాడ్ అని ఒకటుంది. మొక్కల్లో పత్రహరితం మధ్యలో మెగ్నీషియం ఉంటుంది, కాంతితో బతికే కొన్ని బ్యాక్టీరియాల్లోనూ అలాంటి పదార్థమే ఉంటుంది. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థవాళ్ళు ఆ బ్యాక్టీరియా పదార్థంలో మెగ్నీషియం తీసేసి పల్లాడియం పెట్టారు. రక్తంలోకి ఎక్కించి, ప్రోస్టేట్‌లోకి సన్నటి ఫైబర్లు గుచ్చి, 753 నానోమీటర్ల కాంతి 22 నిమిషాలు ఇస్తారు. కణితికి రక్తం తెచ్చే నాళాలు మూసుకుపోతాయి. 413 మంది మీద జరిగిన ట్రయల్‌లో రెండేళ్ళకు జబ్బు ముదిరినవాళ్ళు ఈ వైద్యం పొందినవాళ్ళలో 28 శాతం, ఊరికే గమనిస్తూ ఉంచినవాళ్ళలో 58 శాతం. 2017లో యూరప్ అనుమతించింది.

2020లో అమెరికాలో మందులకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ సలహా సంఘం ముందుకు వెళ్తే ఎక్కువమంది వద్దన్నారు. తొక్కేయడం కాదు. తక్కువ ప్రమాదం ఉన్న ప్రోస్టేట్ క్యాన్సర్‌ను చాలామందిలో ఏమీ చేయకుండా గమనిస్తూ ఉండొచ్చు. అలాంటివాళ్ళకు ఈ వైద్యం వల్ల వచ్చే ఇబ్బందుల్ని మించిన లాభం ఉందా అన్నది వాళ్ళ ప్రశ్న. రెండు చోట్లా అదే ట్రయల్ చదివారు, తీర్పు వేరు. నాకైతే రెండు వైపులా కొంత న్యాయం కనిపిస్తుంది.

సైడ్ ఎఫెక్ట్ లేని మందు అన్నారు. నీడపట్టున గారు ఈ వేదికలోనే ఉన్నారు, ఆవిణ్ణి అడగండి.

నీడపట్టున | మంగళవారం, రాత్రి 8.30

పిలిచారు, వచ్చాను.

నాకు నోటిలో క్యాన్సర్. ఆపరేషన్, రేడియేషన్ అయ్యాక తిరగబెడితే కాంతి వైద్యం చేశారు. మందు పేరు టెమోపోర్ఫిన్. ఇందులో లోహం లేదని తర్వాత తెలిసింది, కానీ సూత్రం ఇదే. ఇంజెక్షన్ ఇచ్చిన నాలుగు రోజులకు లైట్ వేస్తారు. ఆ నాలుగు రోజులూ, ఆ తర్వాత వారాలూ మనిషి ఒళ్ళంతా ఫోటో ఫిల్మే. మొదటిరోజు కర్టెన్లు వేసిన గది, 60 వాట్లు మించని బల్బు. తర్వాత రోజుకింత చొప్పున వెలుతురు పెంచుకుంటూ రావాలి. మరీ చీకట్లో దాక్కోకూడదు కూడా, గది వెలుతురు పడితేనే చర్మంలో మిగిలిన మందు నెమ్మదిగా చస్తుంది. సన్‌స్క్రీన్ పనిచేయదు. అది ఆపేది అతినీలలోహిత కిరణాల్ని, ఇక్కడ కాల్చేది మామూలు వెలుగు.

ఒక సంగతి చెప్తాను. లైట్ వేసిన రోజున ఆక్సిజన్ చూడటానికి వేలికి క్లిప్ పెట్టారు. అందులో చిన్న ఎర్ర దీపం ఉంటుంది కదా. దాన్ని పావుగంటకోసారి వేలు మార్చాలట. మార్చలేదు. సాయంత్రానికి చూపుడువేలి కొసన బొబ్బ. గోరు కింద నల్లబడి, ఊడి, మళ్ళీ రావడానికి నెలలు పట్టింది. ఆసుపత్రి పేరు అడక్కండి, క్షమాపణ చెప్పారు, అయిపోయింది. ఆ దీపం ఎంత చిన్నదో మీకందరికీ తెలుసు. ఒళ్ళంతా ఆ మందే అంటే ఏమిటో ఆ వేలిని చూశాకే నాకు అర్థమైంది.

మరి నోటిలో కణితి? పోయింది. మూడేళ్ళయింది. మాట కొంచెం ముద్దగా వస్తుంది, అంతే. మళ్ళీ అవసరమైతే మళ్ళీ చేయించుకుంటాను. వేలికి మాత్రం నేనే అలారం పెట్టుకుంటా.

పాతబోర్డు | మంగళవారం, రాత్రి 9.10

అమ్మా, మీ ధైర్యానికి దణ్ణం. 1912లో ఫ్రీడ్రిక్ మేయర్-బెట్జ్ అనే జర్మన్ డాక్టరు 200 మిల్లీగ్రాముల హెమటోపోర్ఫిరిన్ అనే, వెలుగు తగిలితే పనిచేసే పదార్థం తనకు తానే ఎక్కించుకుని ఎండలోకి వెళ్ళాడు. ముఖం వాచిపోయి రెండు నెలలకు పైగా వెలుగంటే వణికాడు. మీ వేలికీ ఆయన ముఖానికీ కారణం ఒక్కటే.

కొత్తబల్బు | బుధవారం, ఉదయం 6.50

చిన్న డౌట్. ఆన్‌లైన్‌లో ఎర్ర ఎల్ఈడీ ప్యానెళ్ళు అమ్ముతున్నారు కదా. రోజూ పొట్ట మీద పెట్టుకుంటే కొంతైనా పనిచేయదా? మందు లేకపోయినా?

చీకటిగది | బుధవారం, ఉదయం 7.30

చేయదు. మందు లేకపోతే ఆ వెలుగు కణితికి ఒట్టి వెలుగే.

మందు ఉన్నా అంత లోపలికి చేరదు. ఇప్పుడే ఒక పని చేయండి. గది చీకటి చేసి ఫోన్ టార్చి వెలిగించి వేలి కొస దాని మీద గట్టిగా ఆనించండి. వేలు ఎర్రగా వెలుగుతుంది. టార్చిది తెల్ల వెలుగు, మరి నీలం, ఆకుపచ్చ ఏమయ్యాయి? మీ రక్తం మింగేసింది. ఎరుపు ఒక్కటే దాటింది. అదీ తిన్నగా దాటలేదు, లోపల అటూ ఇటూ కొట్టుకుని బయటపడింది, అందుకే ఎముక నీడ కూడా కనబడదు. ఇప్పుడు అరచెయ్యి మందమైన చోట పెట్టండి. దాదాపు ఏమీ రాదు.

మా రంగంలో సగం తలనొప్పి ఇదే. నీలి కాంతి మిల్లీమీటరు కూడా సరిగా దిగదు. ఎరుపు కొన్ని మిల్లీమీటర్లు, మహా అయితే సెంటీమీటరు. 650 నుంచి 900 నానోమీటర్ల మధ్య అయితే ఒళ్ళు కాస్త దారిస్తుంది. మా లోహ కాంప్లెక్సుల్లో చాలావాటికి నచ్చేది నీలం, ఆకుపచ్చ! రుథీనియం 450 దగ్గర, అంటే నీలాన్ని, హాయిగా మింగుతుంది, 700 దగ్గర, అంటే ఎరుపును చూస్తే, మొహం తిప్పుకుంటుంది. దాన్ని ఎరుపు వైపు లాగడానికి అణువుకు తోకలు తగిలిస్తూ నా మూడేళ్ళు గడిచాయి. తోక పెరిగితే నీళ్ళలో కరగదు, కరిగితే కణంలోకి పోదు, పోతే చీకట్లో కూడా చంపుతుంది. చివరిది జరిగిన రోజున ఇంటికొచ్చి అన్నం తినలేదు. చీకట్లో చంపేదైతే అది మామూలు విషమే కదా. చీకట్లో చంపడానికి ఎంత మోతాదు కావాలి, వెలుగులో ఎంత కావాలి, ఆ నిష్పత్తే మాకు మార్కులు.

గుమ్మం_దగ్గర | బుధవారం, ఉదయం 8.15

మూత్రాశయం లోపలికి కెమెరాయే వెళ్తుంది కదా. కెమెరా వెళ్ళినచోటికి వెలుగు వెళ్ళలేదా? పొట్ట మీద నుంచి ఎందుకు?

చీకటిగది | బుధవారం, ఉదయం 8.40

మీరు అడిగింది సరిగ్గా అడగాల్సిన ప్రశ్న. నిన్నే చెప్పాల్సింది, మీకు లేనిపోని ఆశ పెడతానేమోనని ఆగాను.

టీఎల్‌డీ-1433 అని రుథీనియం కాంప్లెక్స్ ఒకటుంది. షెర్రీ మెక్‌ఫార్లాండ్ అనే కెమిస్టు బృందం తయారుచేసింది. కెనడాలోని థెరలేజ్ అనే కంపెనీ దాన్ని ట్రయల్స్‌కు తీసుకెళ్ళింది. దేనికో తెలుసా? బీసీజీకి లొంగని, కండరంలోకి పోని మూత్రాశయ క్యాన్సర్‌కు. 2017లో టొరంటోలో మొదటి దశ కింద ఆరుగురికి ఇచ్చారు. 2019 నుంచి రెండో దశ మొదలైంది.

మందును రక్తంలోకి ఎక్కించరు. గొట్టం ద్వారా మూత్రాశయంలోకి పోసి గంటసేపు ఉంచుతారు. తీసేసి, కడిగి, నీళ్ళు నింపుతారు. మత్తులో సన్నటి ఫైబర్ పంపి గోడలన్నిటికీ సమంగా పడేలా ఆకుపచ్చ కాంతి ఇస్తారు, 525 నానోమీటర్ల దగ్గర. రక్తంలోకి పోలేదు కాబట్టి నీడపట్టున గారిలా వారాలపాటు కర్టెన్లు వేసుకునే బాధ తక్కువ.

ఆకుపచ్చ ఎందుకన్నదే నాకు అన్నిటికన్నా నచ్చిన ముక్క. పొద్దున ఆకుపచ్చ లోపలికి దిగదని తిట్టాను కదా? ఇక్కడ దిగకపోవడమే కావాలి. పాతరోజుల్లో మూత్రాశయానికి ఫోటోఫ్రిన్ అనే కాంతి మందు ఇచ్చి 630 నానోమీటర్ల ఎర్ర కాంతి వేసేవాళ్ళు. ఎరుపు కండరం దాకా దిగి దాన్నీ కాల్చింది. కొందరికి మూత్రాశయం ముడుచుకుపోయి శాశ్వతంగా చిన్నదైపోయింది. క్యాన్సర్ పై పొరలోనే ఉన్నప్పుడు పై పొర దాకానే వెళ్ళే కాంతి చాలు.

గుమ్మం_దగ్గర | బుధవారం, ఉదయం 8.52

అక్కా, చదువుతుంటే చేతులు వణికాయి. ఇది అచ్చం మావయ్యగారి కేసే కదా!

వార్డునడక | బుధవారం, ఉదయం 9.30

ఒక్క నిమిషం. "పై పొరలోనే ఉన్నప్పుడు" అన్నారు ఆవిడ. ఆ మాట మీద ఆగండి. నేను మొన్న అడిగిన రిపోర్టు తీశారా?

గుమ్మం_దగ్గర | బుధవారం, సాయంత్రం 6.20

తీశాను. "పంపిన ముక్కల్లో కండర కణజాలం కనిపించలేదు" అని ఒక లైను ఉంది. ఎవరూ చెప్పలేదు. మేమూ చదవలేదు. కింద సంతకం పక్కన, చిన్న అక్షరాల్లో.

వార్డునడక | బుధవారం, సాయంత్రం 6.45

తమ్ముడూ, కంగారుపడకు, ఎవరితో పోట్లాటా పెట్టుకోకు. రేపే డాక్టరు దగ్గరికి ఆ కాగితం తీసుకెళ్ళి, మళ్ళీ ఒకసారి లోతుగా గీకి కండరం ముక్క పంపుతారా అని అడుగు. స్కాన్ గురించి కూడా అడుగు. పై పొరలోనే ఉందని తేలితే మూత్రాశయం తీయడం ఒక్కటే దారి కాదు. ఆ దశలో రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే పెంబ్రొలిజుమాబ్ అనే మందుకు 2020లో అమెరికాలో అనుమతి వచ్చింది, ఇంకా కొన్ని వచ్చాయి. ట్రయల్ ఉందా అని కూడా అప్పుడు అడగొచ్చు. కండరంలోకి పోయిందని తేలితే ఆకుపచ్చ లైటు మాట మర్చిపోవాలి. అది అంత లోతుకు చేరదు, చేరకూడదనే దాన్ని అలా తయారుచేశారు.

గట్టిమాట | బుధవారం, రాత్రి 9.00

నా నిన్నటి మాట వెనక్కి తీసుకోను గానీ, ఒక ప్రశ్న. కణితి లోపల ఆక్సిజన్ తక్కువ ఉంటుందని చదివాను. ఆక్సిజన్ లేకపోతే మీ సింగ్లెట్ ఎక్కణ్ణుంచి వస్తుంది?

చీకటిగది | బుధవారం, రాత్రి 10.25

మంచి దెబ్బ కొట్టారు. అదే మా రెండో తలనొప్పి. కణితి పెరిగిన వేగానికి రక్తనాళాలు అందవు, లోపలి భాగం ఊపిరాడక ఉంటుంది. పైగా మేం లైటు వేసే కొద్దీ ఉన్న ఆక్సిజన్ కూడా ఖర్చవుతుంది.

దీనికి దారులు వెతుకుతున్నారు. వార్విక్‌లోనే పీటర్ సాడ్లర్ బృందం ప్లాటినంకు అజైడ్ సమూహాలు (మూడేసి నైట్రోజన్ పరమాణువుల గుంపులు) తగిలించి కాంప్లెక్సులు చేసింది. చీకట్లో బుద్ధిగా ఉంటాయి. వెలుగు పడగానే అజైడ్లు తెగిపోయి, ప్లాటినం సిస్ప్లాటిన్‌లాగే డీఎన్‌ఏకు అతుక్కోగల రూపంలోకి మారుతుంది. ఆక్సిజన్‌తో పనే లేదు. నెదర్లాండ్స్‌లో లైడెన్‌లో సిల్వెస్టర్ బోనె బృందం రుథీనియంతో మందు నోరు కట్టేసి, వెలుగుతో విప్పుతోంది. 2019లో వార్విక్, సన్ యాట్‌సెన్ వాళ్ళే ఇంకో ఇరిడియం కాంప్లెక్స్ చూపించారు. కణం శక్తి కోసం వాడుకునే ఎన్‌ఏడీహెచ్‌ను వెలుగు సాయంతో అది ఖర్చు చేసేస్తుంది, ఆక్సిజన్ తక్కువున్నా సరే. ఇవన్నీ ల్యాబ్ దశలోవే. కానీ మీ ప్రశ్నకు జవాబు వెతికేవాళ్ళని ఎవరూ తొక్కేయట్లేదు, వాళ్ళకు నిధులు సరిపోవట్లేదు, అంతే.

ఒక్కటి మాత్రం వీటిలో దేనికీ సాధ్యం కాదు. ఒళ్ళంతా పాకిన క్యాన్సర్ వెంట వెలుగు పరిగెత్తలేదు. సిస్ప్లాటిన్ రక్తం వెళ్ళినచోటికల్లా వెళ్తుంది. దాని గొప్పా అదే, దాని పాపమూ అదే.

గుమ్మం_దగ్గర | మూడు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 10.10

అందరికీ చెప్పాలి కాబట్టి వచ్చాను.

మళ్ళీ గీకారు. ఈసారి కండరం ముక్క వచ్చింది. అందులో క్యాన్సర్ ఉంది. స్కాన్‌లో వేరేచోటికి పాకినట్టు ఏమీ లేదు. ముందు కీమో, జెమ్‌సైటబీన్‌తో కలిపి సిస్ప్లాటిన్, తర్వాత మూత్రాశయం తీయడం అన్నారు.

మావయ్యగారికి నేనే చెప్పాను. చీకటిగది అక్క రాసినట్టు గదిలో లైటు తీసేసి ఫోన్ టార్చి మీద ఆయన వేలు పెట్టించాను. ఎర్రగా వెలిగింది. తర్వాత అరచెయ్యి పెట్టించాను. కాసేపు చూశారు. "అంటే ఇది లోపల ఇంత దూరంలో ఉందన్నమాట" అన్నారు చెయ్యి తిప్పి చూసుకుంటూ. ఇంకేమీ మాట్లాడలేదు. మర్నాడు పొద్దున ఆయనే అడిగారు, ఎప్పుడు చేరాలి అని.

పాతబోర్డు | ఆదివారం, రాత్రి 10.40

బాబూ, పెద్దన్న చేతిలో పెట్టారు. పాతవాడే గానీ గట్టివాడు.

వార్డునడక | ఆదివారం, రాత్రి 11.05

కిడ్నీ పరీక్ష, వినికిడి పరీక్ష రెండూ మొదటి డోసుకు ముందే చేయించండి. సిస్ప్లాటిన్ కిడ్నీలనీ చెవులనీ పట్టుకుంటుంది. సెలైన్ లీటర్ల కొద్దీ ఎక్కిస్తారు, అది విసుగనిపించినా వద్దనకండి. వాంతుల మందులు ముందే ఇస్తారు, ఇచ్చారో లేదో ఒకసారి అడగండి.

గుమ్మం_దగ్గర | రెండు వారాల తర్వాత, గురువారం, మధ్యాహ్నం 3.30

మొదటి డోసు నడుస్తోంది. ఆయన పక్కనే కూర్చుని రాస్తున్నాను. రెండు పరీక్షలూ బాగానే ఉన్నాయి.

సిస్ప్లాటిన్ బ్యాగు తెచ్చి తగిలించారు. దానికి గోధుమరంగు కవరు తొడిగారు. మావయ్యగారు "దీనికెందుకమ్మా ముసుగు?" అని అడిగారు. "వెలుతురు పడితే పాడవుతుందండీ" అంది నర్సు. ఆయన నావైపు చూసి నవ్వారు. ఇన్నాళ్ళలో ఆయన నవ్వడం ఇప్పుడే చూశాను.

చీకటిగది | గురువారం, మధ్యాహ్నం 3.44

మా బెంచీ మీద సీసాలన్నిటికీ అల్యూమినియం ఫాయిల్ చుట్టి ఉంటుంది. కారణం కాస్త వేరే, ముసుగు మాత్రం ఒక్కటే. ఆయనకు చెప్పండి.

వార్డునడక | గురువారం, సాయంత్రం 4.10

చెవిలో హోరు మొదలైతే దాచుకోవద్దని కూడా చెప్పండి. మగవాళ్ళు దాస్తారు.